పక్క సీటులో శ్రీహరి

మహిపాల్‌కు అనుమానం ఒక టీ కప్పు దగ్గర మొదలైంది.

శంషాబాద్ దారిలో పైలట్లకు శిక్షణ ఇచ్చే ఆ సంస్థలో, నేల మీదే విమానం నడపడం నేర్పే సిమ్యులేటర్ హాలుకు ఆనుకుని చిన్న క్యాంటీన్ ఉంది. ఆ రోజు మహిపాల్ చేతులు కడుక్కుని లోపలికి వెళ్లేసరికి తనతో పాటు నేర్చుకునే శ్రీహరి, నేర్పే కెప్టెన్ రామచంద్రం ఒకే బల్ల దగ్గర తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. ఇతను కనపడగానే మాట ఆగింది. కెప్టెన్ తన కప్పులోకి చూసుకున్నాడు. శ్రీహరి "రా, కూర్చో" అంటూ కుర్చీ జరిపాడు. మర్యాదగానే జరిపాడు. ఆ మర్యాదే మహిపాల్‌కు మింగుడు పడలేదు.

ఆ మధ్యాహ్నం సిమ్యులేటర్ ఎక్కితే అతనికి కెప్టెన్ మళ్లీ ఫ్లాపులే చెడగొట్టి ఇచ్చాడు. నిన్నా అవే, మొన్నా అవే. శ్రీహరి వంతు వచ్చినప్పుడు ఇంజన్ ఆగిపోవడమో, పొగ రావడమో, ఏదో ఒక కొత్త రకం. ఇతనికి మాత్రం రోజూ అదే కూర.

ఫ్లాపులంటే ఏమిటో తెలియనివాళ్లు చాలామందే ఉంటారు. విమానం రెక్క వెనక అంచున వెడల్పాటి రేకులు ఉంటాయి. దిగేముందు వాటిని మెట్టు మెట్టుగా కిందికి వంచితే, విమానం నెమ్మదించినా గాలిలో నిలబడగలుగుతుంది. అవి మధ్యలో బిగుసుకుపోతే అంత నెమ్మదించడం కుదరదు, వేగంగానే నేలకు దిగాలి, పొడవైన రన్‌వే కావాలి. వెనకవి బిగుసుకున్నా రెక్క ముందు అంచువి ఇంకా కదులుతాయి కాబట్టి, మీటను మాత్రం మెట్టు మెట్టుగా దించుతూ పోవాలి. ప్రతి మెట్టుకూ ఒక వేగం హద్దు ఉంది. వేగం ఆ హద్దు కిందికి వచ్చాకే మీట కదపాలి. ముందే కదిపితే రెక్కకే దెబ్బ.

ఇంకో కట్టుబాటు ఉంది, అసలు కథంతా దానిలోనే ఉంది. విమానం నడిపేవాడు ఆ మీటను ముట్టుకోడు. అతను నోటితో అడగాలి. పక్క సీటులోవాడు వేగం చూసి, హద్దులో ఉందని పైకి చెప్పి, అప్పుడు కదపాలి. హద్దులో లేకపోతే కదపనని చెప్పాలి. అడిగే నోరు ఒకరిది, కదిపే చెయ్యి ఇంకొకరిది.

సరే, బాగానే ఉంది. కానీ ఆ పక్క సీటులోవాడు తెనాలివాడైతే? నడిపేవాడు చింతలకుంటలో ఉండే ఆర్టీసీ డ్రైవర్ కొడుకైతే? పైగా అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న కాలమైతే?

మహిపాల్ తండ్రి రామస్వామి చౌటుప్పల్ పక్క పల్లె నుంచి బతకడానికి ఎల్బీనగర్ వచ్చి, ఆర్టీసీలో స్టీరింగ్ పట్టి, పిల్లవాణ్ణి ఇంతవాణ్ణి చేశాడు. ఇప్పుడు బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. రామస్వామి పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని బస్సెక్కడానికి బదులు ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మె టెంటు కింద కూర్చుంటున్నాడు. టెంటులో ఎవరు పలకరించినా ఆయన తిప్పి తిప్పి చెప్పేది ఒక్కటే: "మావోడు గీ పరీక్ష పాసైతె విమానం తోలుతడు." ఇంట్లో తల్లి అండాలమ్మ కొడుకుకు కాఫీ కూడా పెట్టడం లేదు, పరీక్ష అయ్యేదాకా గుడ్లు, పాలు, బాదం పప్పు.

ఇంతకీ ఆ పరీక్ష సంగతి. శిక్షణ మధ్యలో పెట్టిన పరీక్షలో మహిపాల్ ఒకసారి తప్పాడు. ఫ్లాపుల దగ్గరే తప్పాడు. అవి బిగుసుకోగానే అతనికి ఎక్కడలేని తొందరా వచ్చేస్తుంది, ఎలాగైనా నేల మీద పడిపోవాలనిపిస్తుంది. చివరి పరీక్షలో కూడా తప్పితే పేరు కొట్టేస్తారు. తీసుకుంటానన్న విమాన సంస్థ మళ్లీ మొహం చూడదు. ఆ మాట సంస్థవాళ్లు ముందే స్పష్టంగా చెప్పారు.

తన తప్పును మనిషి ఎంతసేపు తన దగ్గర ఉంచుకోగలడు? మహిపాల్ ఆ టీ కప్పు రోజు దాకా ఉంచుకున్నాడు. ఆ సాయంత్రం టెంటులో తండ్రి స్నేహితుడు, కండక్టర్ బక్కయ్య అడిగాడు.

"పక్కపొంటి కూసునేటోడు ఎవడు బిడ్డా?"

"తెనాలాయన. శ్రీహరి అని."

"నేర్పెటాయన?"

"కెప్టెన్ రామచంద్రం. ఏ ఊరో తెల్వదు కాక."

"తెల్వకపోవుడేంది? ఇద్దరు గా ఆంధ్రోళ్లే అయితరు. నువ్వొక్కనివి నడుమ దొరికినవ్. నౌకర్లన్ని ఎట్ల పోయినయనుకున్నవ్ మనయి? గిట్లనే పోయినయ్." బక్కయ్య బీడీ పారేసి చెప్పుతో నలిపాడు. "పైలంగుండు."

బక్కయ్య చెప్పినదానిలో అబద్ధం లేదు. ఉద్యోగాల విషయంలో తెలంగాణవాళ్ల కడుపుమంట ఊరికే పుట్టింది కాదు. కానీ నిజమైన బాధను అందరి మెడలకూ కొలత చూడకుండా తగిలించేస్తే ఏమవుతుందో మహిపాల్ ఆలోచించలేదు. కెప్టెన్ రామచంద్రం నోట తెలుగు ఎవరూ వినలేదు. పుట్టగానే ఇంగ్లీషులో ఏడ్చినట్టు మాట్లాడేవాడాయన. అంత నున్నటి ఇంగ్లీషు మనవాళ్లకెక్కడిది, కోస్తావాడే అయ్యుంటాడని మహిపాల్ తేల్చేశాడు. తన జనం మీద తనకే అంత చిన్నచూపు ఉందని అతనికి తట్టనే లేదు.

అప్పటి నుంచి మధ్య పరీక్ష తప్పడం కూడా అతనికి వేరేగా గుర్తుకు రాసాగింది. ఆ రోజు శ్రీహరి మీట ఆలస్యంగా కదపలేదూ? కదిపాడు. కావాలనే. ఎందుకు కాకూడదు?

సమ్మె పుణ్యమా అని ఇద్దరూ ఒకే బండి మీద తిరగాల్సి వచ్చింది. బస్సుల్లేవు, ఆటోలు దొరకవు. శ్రీహరి దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక సందులో, సుమిత్రమ్మ అనే ఆమె ఇంటి పైగదిలో కిరాయికి ఉండేవాడు. మహిపాల్ చింతలకుంట నుంచి బండి మీద వెళ్లి అతన్ని ఎక్కించుకుని, మళ్లీ ఎల్బీనగర్ మీదుగా రింగ్ రోడ్డు పట్టుకుని శంషాబాద్ వైపు పోయేవాడు. దారిలో ఎక్కడో ఒకచోట రాస్తారోకో తప్పదు. బండి ఆపి "యాడికి?" అంటే మహిపాలే జవాబు చెప్పేవాడు: "మనోళ్లమే అన్నా, ట్రైనింగ్ ఉంది." వెనక శ్రీహరి నోట్లో నాలుక లేనట్టు కూర్చునేవాడు. అతను నోరు తెరిస్తే ఊరేదో తెలిసిపోతుందని ఇద్దరికీ తెలుసు. దాన్ని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అలా అలవాటైపోయింది.

శిక్షణ లేని రోజుల్లో సుమిత్రమ్మ పైగదిలోనే సాధన చేసేవాళ్లు. పైలట్లందరూ చేసే పనే అది. కాక్‌పిట్ మొత్తం అచ్చు వేసిన పెద్ద కాగితాన్ని గోడకు అంటించి, దాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, లేని మీటలు కదుపుతూ, లేని విమానాన్ని దించుతూ ఉంటారు. ఫ్లాపుల మీటకు మాత్రం శ్రీహరి ఒక అట్టపెట్టెకు గాడి కోసి అందులో దువ్వెన దోపాడు. మహిపాల్ అడిగేవాడు. శ్రీహరి లేని వేగం చూసి, చెప్పి, దువ్వెన కదిపేవాడు. కింద సుమిత్రమ్మకు ఆ కేకలు వినపడి మెట్ల దాకా వచ్చి, "ఏందయ్యా, ఇయ్యాల గూడ కూలిందా మీ ఇమానం?" అని అడిగి పోయేది.

"మహిపాల్, తొందరపడకు," అనేవాడు శ్రీహరి. "ఫ్లాప్స్ ఇరుక్కుంటే ఇరుక్కున్నాయి. ఇంధనం ఉంది కదా, ఇంకో చుట్టు తిరుగుదాం. ఎవరు తరుముతున్నారు నిన్ను?"

మంచి మాటే. కానీ ఆ నోటి నుంచి వచ్చేసరికి మహిపాల్ చెవికి అది వేరేలా తాకేది. నేను తొందరపడతానని వీడికి బాగా తెలుసు, ఆ సంగతి ఇంకెవరికి చెబుతున్నాడో అనుకునేవాడు.

ఎవరికి చెబుతున్నాడో పరీక్షకు ముందు రోజు తెలిసిపోయింది. మహిపాల్ మెట్లెక్కి పైకి వస్తుంటే, వరండా చివర శ్రీహరి అటు తిరిగి ఫోనులో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. మెట్ల మీదికి ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. "అవును సర్. మహిపాల్‌కు ఫ్లాపులే ఇవ్వండి సర్. తడబడేది అక్కడే. నేను అడిగానని మాత్రం అతనికి తెలియనివ్వకండి సర్, ప్లీజ్."

మహిపాల్ కాళ్లు మెట్టు మీదే ఆగిపోయాయి. బక్కయ్య కాక అన్నదంతా అక్షరాలా నిజమైందని ఒకపక్క భయం, ఇంకోపక్క, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఒకలాంటి సంతోషం. అనుమానం నిజమైనప్పుడు మనిషికి కలిగే ఆ దిక్కుమాలిన సంతోషం అందరికీ తెలిసిందే. పైకెళ్లి నిలదీయొచ్చు. నిలదీయలేదు. నిలదీస్తే వాడేదో చెబుతాడు, అది నమ్మాల్సి వస్తుందేమో! గట్టిగా చెప్పుల చప్పుడు చేస్తూ పైకి వెళ్లి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజంతా దువ్వెన కదిపే చేతిని చూస్తూనే ఉన్నాడు.

పరీక్ష రోజు పొద్దున ఇద్దరూ తెల్ల చొక్కాలు, నల్ల టైలతో బయల్దేరారు. కర్మన్‌ఘాట్ దాటకముందే రోడ్డు మొత్తం మూసేసి ఉంది. వంటావార్పు. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెలు, ఒక పక్క డప్పులు, ఒక పక్క కూరగాయలు తరిగే ఆడవాళ్లు. వందల మంది తమ రాష్ట్రం కోసం రోడ్డునే ఇల్లు చేసుకుని వండుకుని తింటున్నారు. మామూలు రోజైతే మహిపాల్ కూడా బండి దిగి నాలుగు మెతుకులు తిని పోయేవాడు.

కండువాలు వేసుకున్న కొందరు యువకులు అడ్డం వచ్చారు. "యాడికన్నా, టైలు గిట్ల కట్టుకుని?"

ఇక్కడే మహిపాల్ ఎప్పటిలా "మనోళ్లమే" అనాలి. మాట నాలుక దాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేశాడు. హెల్మెట్ తియ్యకుండా, అద్దం సరిచేసుకుంటున్నవాడిలా తల వంచుకున్నాడు. చూద్దాం, వీడి నోటితో వీణ్ణే చెప్పుకోనీ అనుకున్నాడు.

వెనక నుంచి శ్రీహరి కాసేపు ఎదురుచూశాడు. ఇక తప్పదన్నట్టు, "పరీక్ష ఉందండి, వెళ్లాలండి" అన్నాడు.

ఆ రెండు "అండి"లు చాలు. "ఓహో! ఏ ఊరు సారుది?" "తెనాలండి." నవ్వులు. "దిగు సారూ, దిగు." శ్రీహరి దిగాడు. ఒకడు అతని టై చివర పట్టుకుని చూసి వదిలాడు. "జై తెలంగాణ అను, పోదువుగని." అన్నాడు. "ఇనపడలే." మళ్లీ అన్నాడు. "గింత అన్నం తినలేదా పొద్దుగాల? గట్టిగ!" గొంతు చీరుకుపోయేలా అరిచాడు శ్రీహరి. ఎవరో ఫోను పైకెత్తి తీస్తున్నారు. అతని చెవులు కందిపోయాయి. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. వాళ్లకు అది సరదాయే. కూరగాయల దగ్గర నుంచి ఒక ముసలావిడ కూడా "ఇడవుండ్రి పోరన్ని, పరిచ్చ అంటున్నడు గదా" అని కసిరింది.

అప్పుడే గుంపులోంచి బక్కయ్య వచ్చాడు. హెల్మెట్‌లోకి తొంగి చూసి నోరు తెరిచాడు. "మహిపాలూ, నువ్వా! గీయన నీ దోస్తా? అరే, మా రామస్వామి కొడుకురా గీన, జరుగుండ్రి! ముంగటనే చెప్పరాదు బిడ్డా, ఒక్క మాట చెప్తె పాయె గదా?"

ఒక్క మాట చెబితే పోయేది. శ్రీహరి ఆ మాట విన్నాడు. ఒకసారి మహిపాల్ వైపు చూసి, టై సరిచేసుకుని, బండి ఎక్కి కూర్చున్నాడు.

దారంతా మహిపాల్ సిగ్గుపడి ఉండాలి కదా? కొంచెం పడ్డాడు. కానీ అంతకంటే ఎక్కువగా భయపడ్డాడు. ఇంతకుముందు వీడికి నన్ను ముంచాలన్న ఆలోచన ఉంటే ఉంది, ఇప్పుడు కారణం కూడా దొరికింది, ఈ రోజు పక్క సీటులో కూర్చుని బాకీ తీర్చుకోక మానడు అనుకున్నాడు. తను చేసిన తప్పును కూడా ఎదుటివాడి మీద అనుమానంగా మార్చుకోవడంలో మన మహిపాల్ ఆ పొద్దున ఆరితేరిపోయాడు.

సిమ్యులేటర్ అంటే ఇనుప కాళ్ల మీద నిలబడ్డ పెద్ద తెల్లటి డబ్బా. తలుపు మూస్తే లోపల నిజం కాక్‌పిటే, అద్దాల్లో నిజంలాంటి ఆకాశమే. వెనక సీటులో బొంబాయి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కూర్చున్నాడు. ఆయన పక్కన యంత్రం నడపడానికి కెప్టెన్ రామచంద్రం. లోపల మాట్లాడేదంతా ఇంగ్లీషే, మనం తెలుగులో చెప్పుకుందాం.

మొదటి వంతు మహిపాల్‌ది. వాన, మబ్బు, ఎదురుగాలి. దిగడానికి సిద్ధమవుతూ "ఫ్లాప్స్ టూ" అని రెండో మెట్టు అడిగాడు. శ్రీహరి వేగం చూసి, చెప్పి, మీట కదిపాడు. టింగుమని గంట మోగింది.

"ఫ్లాపులు బిగుసుకున్నాయి," అన్నాడు శ్రీహరి. గొంతు మామూలుగానే ఉంది.

అనుకున్నదే. మహిపాల్ మొదట బాగానే చేశాడు. దిగడం ఆపి పైకి లేపాడు, చుట్టు తిరగడానికి అనుమతి అడిగాడు, చెక్‌లిస్ట్ చదవమన్నాడు. శ్రీహరి చదివాడు, ఎంత వేగంతో దిగాలో, రన్‌వే సరిపోతుందో లేదో లెక్క చూసి చెప్పాడు. ఆ లెక్కను నమ్మి ముందుకు పోవాలి. మహిపాల్ నమ్మలేదు. విమానం నడపడం మానేసి అదే లెక్క తను మళ్లీ చూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. అయినా గుండె కుదుటపడలేదు. ఇక్కడ సరిగ్గా చెప్పాడంటే ముందెక్కడో పెట్టి ఉంటాడు అనుకున్నాడు.

మళ్లీ దిగడం మొదలైంది. మబ్బు కింద దూరంగా రన్‌వే దీపాలు కనిపించాయి. అవి కనపడగానే మహిపాల్‌లో ఆ పాత తొందర లేచి కూర్చుంది.

"ఫ్లాప్స్ త్రీ."

"వేగం ఎక్కువుంది. కదపడం లేదు," అన్నాడు శ్రీహరి.

దీపాలు దగ్గరవుతున్నాయి. వేగం తన ముందున్న తెర మీద కూడా కనిపిస్తుంది, తల దించితే చాలు. మహిపాల్ తల దించలేదు. అతని చూపు మీట పక్కన కదలకుండా ఉన్న శ్రీహరి చేతి మీద ఉంది. ఆ చెయ్యి ఆగి ఉంది. కావాలనే ఆపాడు, పొద్దున రోడ్డు మీద జరిగినదానికి ఇప్పుడు ఇక్కడ వసూలు చేస్తున్నాడు.

"ఫ్లాప్స్ త్రీ!" ఈసారి అరిచాడు.

"ఇంకా ఎక్కువే ఉంది మహిపాల్. ఇంకో చుట్టు తిరుగుదాం."

మహిపాల్ తన చెయ్యి చాపి, శ్రీహరి చేతిని పక్కకు నెట్టి, మీటను తనే లాగేశాడు.

గంట ఆగకుండా మోగడం మొదలైంది, హద్దు దాటిందని. విమానం దిగింది, ఆగింది కూడా. రన్‌వే చివర దాకా పోయి ఆగింది. లోపల దీపాలు వెలిగాయి. ఎగ్జామినర్ "మీట ఎవరు లాగారు?" అని అడిగాడు. "నేనే సర్." "వేగం ఎంతుంది అప్పుడు?" మహిపాల్ అది చూడనే లేదు. ఆయన తెర మీద చూపించాడు. శ్రీహరి రెండుసార్లు చెప్పింది రెండుసార్లూ నిజం. ఎగ్జామినర్ తన కాగితం మీద ఏదో రాసి, కాసేపాగి రెండో అభ్యర్థిని చూద్దామన్నాడు. అంతే, అయిపోయింది. ఇంతకాలం రామస్వామి టెంటులో కూర్చుని చెప్పుకున్న మాట అక్కడితో అయిపోయింది.

బయట వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డ మహిపాల్ దగ్గరికి కెప్టెన్ రామచంద్రం వచ్చాడు. అటూ ఇటూ చూసి, మొదటిసారి తెలుగులో నోరు విప్పాడు.

"ఏందిరా? నీ కండ్లు యాడున్నయ్ ఆ టైంల?"

మహిపాల్ ఉలిక్కిపడ్డాడు. అది అచ్చంగా తన ఇంటి తెలుగు.

"సార్... మీరు..."

"మాది భువనగిరి పక్కపొంటి. అయితేంది ఇప్పుడు?" ఆయనకు కోపంతో మాట తడబడుతోంది. "రోజు ఫ్లాపులే ఎందుకిచ్చిన్నో ఎరికేనా నీకు? గా పిలగాడు నా ఎనుక పడ్డడు. మహిపాల్ మంచిగ నడుపుతడు సార్, ఫ్లాపుల కాడనే ఆగమైతున్నడు, గవ్వే ఇయ్యుండ్రి, భయం పోయేదాంక ఇయ్యుండ్రి అని. నేనన్నా, వానికే ఎక్కువసేపిస్తె నీ ప్రాక్టీస్ టైం తగ్గుతది గదరా అని. తగ్గనీయుండ్రి అన్నడు. నీకు చెప్పొద్దన్నడు, చిన్నబోతవని. నిన్న గూడ ఫోన్ చేసి అడిగిండు, పరీక్ష ముంగట ఆఖరుకొకపాలి గవ్వే ఇయ్యుండ్రి అని. ఇగ సిమ్యులేటర్ ఖాళీ లేదు, పరీక్షల ఏమియ్యాల్నో నా చేతులుండదని చెప్పిన." ఆయన ఇంకేదో అనబోయి, చెయ్యి విసురుగా ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

మహిపాల్ విన్నదంతా నిజమే. అతని అనుమానం ఒక్క మాట కూడా తప్పు పోలేదు. ఫ్లాపులు ఇమ్మని అడిగింది శ్రీహరే, చాటుగా అడిగిందీ నిజమే. ఎందుకన్నది ఒక్కటే అతనికి ఎప్పుడూ తోచలేదు. గోడ చల్లగా తగులుతోంది. అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. పారిపోవడానికి కూడా లేదు, ఇప్పుడు శ్రీహరి వంతు. పక్క సీటులో తను కూర్చోవాలి.

ఈసారి నడిపేది శ్రీహరి. ఎగ్జామినర్ అతనికి కూడా ఫ్లాపులే ఇచ్చాడు, పక్కగాలి జోడించి మరీ ఇచ్చాడు. విమానం కుదుపులకు ఊగుతోంది. శ్రీహరి మెడ మీద చెమట కారుతోంది. మహిపాల్ చెక్‌లిస్ట్ చదివాడు, లెక్క చూసి చెప్పాడు. ఆ లెక్కను శ్రీహరి మళ్లీ చూసుకోలేదు. "సరే" అని ముందుకు పోయాడు.

రన్‌వే దీపాలు కనిపించాయి.

"ఫ్లాప్స్ త్రీ," అన్నాడు శ్రీహరి.

మహిపాల్ వేగం చూశాడు. ఎక్కువుంది. చాలా ఎక్కువేం కాదు, గాలి విసురుకు కాస్త పైకి ఎగిరింది. తన చెయ్యి మీట మీదే ఉంది. కదిపితే శ్రీహరి కూడా అయిపోతాడు. అడిగింది అతనే కదా, నేను కదిపాను అని చెప్పొచ్చు. కొట్టేయడానికి తన పేరు ఎలాగూ మిగల్లేదు. ఇద్దరూ తప్పితే టెంటులో బక్కయ్య కాకకు చెప్పుకోవడం కూడా తేలిక. ఆ ఆలోచన మహిపాల్‌కు రాలేదంటే అది అబద్ధం. వచ్చింది. రెప్పపాటు కాలం వచ్చి నిలబడింది.

"వేగం ఎక్కువుంది," అన్నాడు. "ఆగు."

శ్రీహరి ఆగాడు. తల తిప్పలేదు, ఎందుకని అడగలేదు. రెండోసారి ఫ్లాప్స్ మాట ఎత్తలేదు. వేగం దిగేదాకా విమానాన్ని అలాగే పట్టుకున్నాడు. వేగం తగ్గాక మహిపాల్ చెప్పాడు, మీట కదిపాడు. చక్రాలు నేలను తాకాయి.

శ్రీహరి పాసయ్యాడు. మహిపాల్ పేరు కొట్టేశారు.

బయట ఎండ మండిపోతోంది. బండి దగ్గరికి నడుస్తుంటే శ్రీహరే ముందు మాట్లాడాడు. తన సంతోషం బయటికి కనపడకుండా దాచుకోవడానికి పడుతున్న అవస్థ అతని మొహంలో కనిపిస్తూనే ఉంది.

"మహిపాల్, ఇంకో సంస్థకి అప్లై చేద్దాం. నేను..."

"పొద్దుగాల రోడ్డు మీద నేను కావాల్నే సప్పుడు చెయ్యలే," అన్నాడు మహిపాల్.

శ్రీహరి నడక ఆపలేదు. "తెలుసు."

"తెలుసా?"

"బక్కయ్య గారు అన్నారుగా. అప్పుడే అర్థమైంది."

మహిపాల్ బండి దగ్గర నిలబడిపోయాడు. తాళంచెవి చేతిలో ఉంది గానీ పెట్టబుద్ధి కాలేదు. "తెల్సి గూడ, లోపల నేను ఆగుమంటే ఎట్ల ఆగినవ్? నేను అబద్ధం చెప్పి నిన్ను ముంచుతున్ననేమో అని అనుమానం రాలేదా? నా చెయ్యి దిక్కన్న చూడకపోతివి!"

శ్రీహరికి ఆ ప్రశ్నే అర్థం కానట్టుంది.

"నీ చెయ్యెందుకు చూస్తాను?" అన్నాడు. "నేను రన్‌వే చూస్తున్నా."

పేరు కొట్టేశారని విన్నప్పుడు కూడా రాని ఏడుపు మహిపాల్‌కు అప్పుడొచ్చింది. బండి సీటు మీద రెండు చేతులూ ఆనించి, తల దించుకుని, చిన్నపిల్లాడిలా పైకే ఏడ్చాడు. శ్రీహరి ఏం చెయ్యాలో తెలియక హెల్మెట్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.